అతుకు లేని గొట్టం

బ్యారెల్ వచ్చిన రోజు నేను ఇంట్లో లేను. కొరియర్ అతను ఎప్పటిలాగే గుమ్మం ముందు పెట్టి, ఫోటో తీసుకుని పోయాడు. మూడడుగుల పొడుగున్న అట్టపెట్టె. ముందురోజు ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన సోనామసూరి బస్తా ఇంకా అక్కడే ఉంది, దాని పక్కన. రెండింటినీ లోపలికి చేర్చింది మా నాయన.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద పాత తువ్వాలు పరిచి ఉంది. నాయన బ్యారెల్‌ను రెండు చేతుల్తో పట్టుకుని, కిటికీ వెలుతురు వైపు తిప్పి, ఒక కన్ను మూసి లోపలికి చూస్తున్నాడు. తర్వాత పైన ఈ చివర్నుంచి ఆ చివరికి బొటనవేలితో తడిమాడు. కొంచెం తిప్పి మళ్ళీ తడిమాడు.

"దీనికి అతుకు యాడుందిరా?"

"అతుకుండదు నాయనా. నిండు కడ్డీకే బెజ్జం వేస్తారు. తర్వాత రీమర్ తిప్పి, లోపల గాట్లు కోస్తారు."

"నిండు కడ్డీ," అన్నాడు. అంతే. ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు. జెట్ లాగ్ ఇంకా తీరలేదేమో అనుకున్నాం నేనూ మా ఆవిడా.

నాయన నలభై ఏళ్ళు లేత్ మీద పనిచేసిన మనిషి. కదిరిలో చిన్న షాపు. బోరు మోటార్ల షాఫ్టులు, బుష్‌లు, ట్రాక్టరు సామాన్లు. అనంతపురం జిల్లాలో నీళ్ళు కిందికి పోయేకొద్దీ మన కంచంలోకి అన్నం పైకొచ్చింది అని ఆయనే నవ్వుతూ అనేవాడు. నా చేతులకు మాత్రం గ్రీజు అంటకూడదని పట్టుబట్టి ఇంజనీరింగ్ చదివించాడు. అట్లా వచ్చి కొలంబస్‌లో పడ్డాను. ఇక్కడ పగలంతా స్క్రీన్ ముందు కూర్చుని, రాత్రిళ్ళు గరాజ్‌లో కావాలని చేతులకు గ్రీజు పూసుకుంటున్నాను. అమ్మ పోయిన నాలుగేళ్ళకు, 2023 వేసవిలో ఆయన ఒంటరిగా మా ఇంటికొచ్చినప్పుడు గరాజ్‌లో బెంచీ మీద ఉన్నది ఒక రైఫిల్. ఇంకా రైఫిల్ కాని రైఫిల్.

ఏం రైఫిల్, ఏంటికి అని ఆయన అడగలేదు కానీ మీరు అడుగుతారు కాబట్టి చెబుతాను.

ఎఫ్-క్లాస్ అని ఒక గురి పోటీ ఉంది. జార్జ్ ఫర్కర్‌సన్ అనే కెనడా షూటర్ ఇంటిపేరులోని మొదటి అక్షరమే ఆ ఎఫ్. వయసు మీద పడి, పాత పద్ధతిలో చేతికి పట్టీ బిగించుకుని, ఇనుప సైట్లలోంచి చూస్తూ కాల్చలేనివాళ్ళు కూడా పోటీలో ఉండాలని, తుపాకికి ఆనింపు, టెలిస్కోపు ఒప్పుకుంటూ మొదలైన పద్ధతి ఇది. బోర్లా పడుకుని కాలుస్తారు. అందులో నాది ఎఫ్-టీఆర్ అనే విభాగం. 308 వించెస్టర్, 223 రెమింగ్టన్ అనే రెండు రకాల తూటాల్లో ఏదో ఒకటే వాడాలి. ముందు రెండు కాళ్ళ బైపాడ్, వెనక ఇసుక సంచి. తుపాకి, టెలిస్కోపు, బైపాడ్ కలిపి 8.25 కిలోలు దాటకూడదు.

గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్ మనకు తెలిసిన ఆట. అక్కడ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఇక్కడ 600 గజాల దూరంలో పది పాయింట్ల వలయం ఆరంగుళాలు, దాని నడుమ మూడంగుళాల ఎక్స్ వలయం. చాలా పెద్దదే కదా అనిపిస్తుంది. గంటకు పది మైళ్ళ అడ్డగాలి వీస్తే ఆ దూరంలో గుండు రెండడుగులకు పైనే పక్కకు జరుగుతుంది. ఆ గాలిని గడ్డి కదలికలో, జెండాల ఊపులో, టెలిస్కోపులో కనిపించే ఎండసెగల వాలులో చదువుకోవాలి. అవతల గోతిలో ఉన్న తోటి పోటీదారులు టార్గెట్‌ను కిందికి లాగి, తూటా పడ్డచోట ఒక బిళ్ళ గుచ్చి, మళ్ళీ పైకి ఎత్తుతారు. ఆ బిళ్ళతో వాదించడానికి ఏమీ ఉండదు. ఆఫీసులో నేను రాసిన కోడ్ ఎవరికి ఉపయోగపడిందో నాకు ఎప్పుడూ తెలియదు. ఇక్కడ ప్రతి తప్పుకూ ఒక చిల్లు ఉంటుంది. నాకు నచ్చింది అది.

రెడీగా ఉన్న రైఫిల్ కొనుక్కోవచ్చు. ఇంట్లో కూర్చిపెట్టుకోవడానికి కూడా ఒక దారి ఉంది. 1958లో వచ్చిన సావేజ్ 110 నమూనాలో బ్యారెల్‌ను యాక్షన్‌కు బిగించడానికి ఒక పెద్ద నట్ ఉంటుంది. చాలా రైఫిళ్ళలో బ్యారెల్ మార్చాలంటే లేత్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరికి పోవాలి. ఈ నట్ పుణ్యమా అని ఒక రెంచీ, రెండు గేజ్‌లు, కాస్త ఓపిక ఉంటే బెంచీ మీదే పనవుతుంది. లేత్ మనిషి కొడుకు లేత్ అక్కర్లేని తుపాకిని ఎంచుకున్నాడు. ఇందులో ఏమన్నా అర్థముంటే మీరే చెప్పండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి, తర్వాతి కథకు అది కావాలి. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు, వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఈ దేశంలో తుపాకి దగ్గర ఉంచుకోకూడదు. గ్రీన్ కార్డు వచ్చేదాకా, అంటే పదమూడేళ్ళు, నేను ఇతరుల పోటీలు చూస్తూ, గోతిలో టార్గెట్లు లాగుతూ గడిపాను. కార్డు వచ్చాక లైసెన్సున్న డీలర్ దగ్గర ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక యాక్షన్ కొన్నాను. ఫెడరల్ చట్టం లెక్కలో ఇట్లాంటి రైఫిల్లో తుపాకి అంటే ఆ యాక్షనే, తూటా వెనక నిలబడే ఆ ఇనుప దిమ్మ ఒక్కటే. నంబరు ఉండేది దాని మీదే. బ్యారెల్, స్టాక్, ట్రిగ్గర్, టెలిస్కోపు ఇవన్నీ సామాన్లు. అందుకే బ్యారెల్ బియ్యం బస్తా పక్కన దిగింది. చట్టానికి అది గొట్టం.

మా ఆవిడకు ఈ లెక్కలతో పని లేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో శ్రీనివాస్ కూచిభొట్లను ఒక బార్‌లో కాల్చి చంపినప్పుడు మా ఇళ్ళలో చాలా రోజులు ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు. ఊళ్ళనుంచి ఫోన్లు, వెనక్కి వచ్చేయండి అని. "అట్లాంటి వస్తువును నీ అంతట నువ్వే ఇంట్లోకి తెస్తానంటున్నావు," అంది ఆవిడ. ఇది ఆట వస్తువు, ఎనిమిది కిలోలుంటుంది, దీన్ని ఎవరూ వీధిలో మోసుకుపోరు అన్నాను. ఆవిడ ఒక అంకె చెప్పింది. ఇక్కడి తుపాకి చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. "బయటివాళ్ళ గురించి కాదు నా భయం. మన ఇంట్లో ఎవరికైనా ఒక చెడ్డ రోజు వస్తే?" దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. షరతులు మాత్రం ఒప్పుకున్నాను. గోడకు బిగించిన ఉక్కు బీరువా. బోల్టు వేరే తాళంలో. మందుగుండు మూడోచోట. మా తొమ్మిదేళ్ళ వాడు గరాజ్‌లో ఉండగా ఏదీ బయటికి తీయకూడదు.

బ్యారెల్ వచ్చిన మరుసటి శనివారం బిగించే పని పెట్టుకున్నాను. నాయన వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. వాడి స్కూలు డ్రాయింగుల వెనక గీసి ఆయనకు వివరించాను. తూటా బ్యారెల్ వెనక గదిలో కూర్చుంటుంది. దాని వెనక బోల్టు మూసుకుంటుంది. బోల్టు మొహానికీ, ఆ గదిలో తూటా భుజం ఆనే చోటికీ మధ్య దూరం సరిగ్గా ఉండాలి. మరీ తక్కువైతే బోల్టు మూసుకోదు. ఎక్కువైతే మందు అంటుకున్నప్పుడు ఇత్తడి తొడుగు వెనక్కి సాగి, అడుగున తెగిపోవచ్చు. అప్పుడు ఆ సెగంతా కాల్చేవాడి మొహం మీదికి రావచ్చు. దాన్ని చూసుకోవడానికి రెండు ఉక్కు గేజ్‌లు. గో గేజ్ పెడితే బోల్టు మూసుకోవాలి. నో-గో పెడితే మూసుకోకూడదు.

నాయన మొహం వెలిగింది. ఇంగ్లీషు దేశంలో ఎవరో తెలుగులో పలకరించినట్టు. "ఇది నాకు తెలుసు గదరా! బుష్‌లకు మేం చేసేదిదే. గో పోవల్ల, నో-గో పోగూడదు." గేజ్‌లు రెండూ అడిగి తీసుకుని లుంగీ అంచుతో తుడిచాడు. వాటి మీద చెక్కిన అంకెలు చదవమన్నాడు. ఒకటి 1.630 అంగుళాలు, ఇంకొకటి 1.634.

"నాలుగు థౌలు."

థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు. లేత్ షాపు మాట. చిన్నప్పుడు ఇంట్లో రూపాయి, పైసా అన్నంత మామూలుగా విన్న మాట. నాలుగు థౌలంటే పదోవంతు మిల్లీమీటరు.

"లోపల ఎంత ప్రెషర్ వస్తాది?"

"ఈ తూటాకు గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. మన కారు టైరులో ఉండేది ముప్పై అయిదు."

ఆయన బ్యారెల్ వైపు చూశాడు, యాక్షన్ వైపు చూశాడు.

"ఇది పగిలితే?"

"పగలదు నాయనా. అందుకే కదా ఇన్ని కొలతలు."

"పగలదని నాకు తెలుసు. పగిలితే అంటున్నా."

నేనేదో చెప్పాను. స్టీలు రకం గురించి, బోల్టు లగ్గుల గురించి. ఆయన వినలేదు. కాసేపు లుంగీ అంచుతో ఆ గేజ్‌నే తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత, "మీ మామ చెయ్యి టపాకాయలకు పోలేదురా," అన్నాడు.

మా మేనమామకు ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవు. ఒక కన్ను పాలరంగులో ఉంటుంది. దీపావళికి టపాకాయల మందు పేలిందని మాకు చెప్పారు. ఆ కారణంగానే మా ఇంట్లో నేను ఎప్పుడూ టపాకాయలు కాల్చలేదు.

1987. నాకు నాలుగేళ్ళు. చెనిక్కాయ పెరికే ముందు రాత్రిళ్ళు అడవిపందులు దిగి చేనంతా దున్నినట్టు చేసేవి. మామ మంచె మీద కాపలా. డబ్బాల మోతకు, టపాకాయలకు పందులు అలవాటు పడిపోయాయి. ఒకరోజు మామ షాపుకొచ్చాడు. "బావా, ఒక గొట్టం చేసియ్యి. కొట్టేదానికి కాదు, శబ్దానికి." నాటు తుపాకి. లైసెన్సు లేకుండా చేయడం నేరమని ఇద్దరికీ తెలుసు. ఊళ్ళో రెండు మూడు ఉన్నాయని కూడా తెలుసు.

"మూలన పాత నీళ్ళ పైపు ముక్కుండె. అతుకు పైపు. రేకును చుట్టి అంచులు అతికినది. నీళ్ళకు చాలు, మందుకు పనికిరాదు. అది నాకు తెలుసు, తెలీదని చెప్పను. అతుకు లేనిది తేవల్లంటే బెంగుళూరో యాడికో పోవల్ల. పని ఒత్తిడి. పైగా వానికి ఊరికే చేసిస్తాండా గదా. దుడ్లు తీసుకుని చేసింటే సరిగ్గా చేసేవాణ్ణి."

మూడో రాత్రి పగిలింది.

ఆస్పత్రిలో, ఊళ్ళో, పోలీసులకు టపాకాయల మందు అని చెప్పారు. అసలు సంగతి తెలిసిన నలుగురైదుగురిలో ఇంకో మాట నిలబడింది. మందు ఎక్కువ దట్టించినాడు, తొందర మనిషి, ఎవరు చెప్తే వింటాడు అని. మామ ఆ మాటను ఎప్పుడూ కాదనలేదు. నేను పుట్టి పెరిగింతకాలం మామను "దుడుకోడు" అనే అన్నారు. ఆ పేరెందుకో నాకిప్పుడు తెలిసింది.

"ఆ మాట మొదట అన్నింది నేనేరా," అన్నాడు నాయన. "ఆస్పత్రి వరండాలో. మీ అమ్మ అడిగింది, ఎట్ల పగిలిందీ అని. మందు ఎక్కువ పోసినాడేమో అన్నా. ఏమో అన్నా. తర్వాత ఆ ఏమో ఎవరికీ గుర్తు లేదు. అమ్మకు చెప్పల్ల చెప్పల్ల అనుకుంటానే ఉండా. ఆమె పాయ."

గరాజ్‌లో ఫ్యాన్ తిరుగుతోంది. నేను ఏం చెప్పాలో తెలియక బ్యారెల్ నట్ తిప్పాను. గో గేజ్ ఆయన చేతిలోంచి తీసుకుని లోపల పెట్టి, బ్యారెల్‌ను అది ఆనేదాకా తిప్పి, నట్ బిగించాను. బోల్టు మూసుకుంది. నో-గో పెట్టాను. బోల్టు సగంలో ఆగిపోయింది.

"ఇంకోసారి," అన్నాడు నాయన.

మళ్ళీ చేశాను. "ఇంకోసారి." మొత్తం అయిదుసార్లు. ఆరోసారి తనే చేసి చూస్తానని చెయ్యి చాపాడు. అప్పుడు ఆపాల్సి వచ్చింది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకూ ఆ నియమమే. ఆయన దాన్ని చేతిలోకి తీసుకోకూడదు.

"మొన్న పట్టుకున్నా గదా?"

"మొన్న అది గొట్టం నాయనా. ఇప్పుడు తుపాకి."

ఆయన నవ్వాడు. సంతోషంగా కాదు. "మీ గవర్నమెంటుకు ఆ గీత బాగా తెలిసినట్టుందే. నాకే తెలీలా. నేనిచ్చింది గొట్టమే గదా, తుపాకి చేసుకున్నింది వాడు గదా అని ముప్పై ఆరేండ్లు అనుకున్నా." చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆ తర్వాత నాలుగు వారాలూ ఆ బెంచీ దగ్గర ఆయన చేతులు ముందుకు రాలేదు.

ఆ నాలుగు వారాల్లో మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోనంత మాట్లాడుకున్నాం, దాదాపు అంతా ఇనుము గురించే. స్టాక్ లోపల యాక్షన్ ఒత్తిడి లేకుండా కూర్చోవాలి. ఎక్కడ వంకర ఒత్తిడి ఉన్నా తూటా తూటాకూ అది ఒక్కోరకంగా మెలిపడుతుంది, గుళ్ళు ఒకచోట పడవు. అందుకని రెండిటి మధ్య ఎపాక్సీ పోసి, యాక్షన్ ఆకారాన్ని స్టాక్‌లోనే అచ్చు పోస్తారు. యాక్షన్ దానికి అతుక్కుపోకుండా ముందు బూట్ పాలిష్ పూశాను. మరునాడు అచ్చులోంచి బయటికి రాకపోతే ఏమిటా అని రాత్రంతా నాకు నిద్ర లేదు. నాయన పక్కన నిలబడి, "బలంతో లాగొద్దు. కూర్చున్న దోవనే వస్తాది," అన్నాడు. వచ్చింది.

బ్యారెల్ మాత్రం స్టాక్‌కు ఎక్కడా తగలకూడదు. కాల్చినప్పుడు అది కంపిస్తుంది. ఆ కంపనం ప్రతిసారీ ఒకేలా ఉండాలంటే దేనికీ ఆనకూడదు. ఇక్కడివాళ్ళు ఒక డాలర్ నోటును రెండింటి మధ్య దూర్చి చివరిదాకా జరిపి చూస్తారు. నాయన లుంగీ మడతలోంచి పర్సు తీసి పది రూపాయల నోటు ఇచ్చాడు. నోటు ఒకచోట ఆగింది. నోటు ఆగినచోట స్టాక్‌ను గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ జరిపాను. పూర్తిగా పోయింది. "మన నోటు గూడా చెల్లింది," అన్నాడు.

మొదటి తూటా సంగతి ఆయనే ఎత్తాడు. "చేత్తో పట్టుకుని కాల్చొద్దు. దారం కట్టి లాగు."

నేను వాదించబోయాను. ఫ్యాక్టరీ యాక్షన్, పేరున్న బ్యారెల్, ఫ్యాక్టరీ తూటాలు, అయిదుసార్లు చూసిన గేజ్. తర్వాత గుర్తొచ్చింది, ఇది ఆయన చాదస్తం కాదు. ఇంగ్లండులో ప్రూఫ్ హౌస్ పరీక్ష కాకుండా తుపాకి అమ్మకూడదని చట్టం. బర్మింగ్‌హామ్‌లోని ప్రూఫ్ హౌస్ 1813 నుంచి ఆ పని చేస్తోంది. మామూలు కంటే ఎక్కువ ఒత్తిడితో, మనిషి దగ్గర లేకుండా కాల్చి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. పగలదు అని చెప్పడానికి ముందు, పగిలితే అని అడగడం అక్కడ మర్యాద.

ఆదివారం పొద్దున్నే రేంజ్‌కి పోయాం. గంటన్నర డ్రైవ్. రెండు పక్కలా మొక్కజొన్న. నాయన చెవులకు మఫ్స్ పెట్టుకుని వెనకాల మడతకుర్చీలో కూర్చున్నాడు. రేంజ్ ఆఫీసర్ అరవై దాటిన పెద్దమనిషి. దారం సంగతి చెబితే ఎగతాళి చేస్తాడనుకున్నాను. మా నాయన వైపు చూసి, తల ఊపి, అందర్నీ వెనక్కి జరగమన్నాడు. రైఫిల్‌ను ఇసుక సంచుల మధ్య బిగించి, ట్రిగ్గర్‌కు దారం కట్టి, అడ్డుగోడ వెనక్కి వచ్చి లాగాను.

ఒక చప్పుడు. మట్టికట్టలో దుమ్ము లేచింది. అంతే.

దగ్గరికి పోయి చూస్తే అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంకో రెండు అట్లాగే కాల్చి, ఆ తర్వాత పడుకుని, నూరు గజాల్లో టెలిస్కోపు సరిచేసుకుని, అయిదు తూటాలు నెమ్మదిగా కాల్చాను. అయిదు చిల్లులూ కలిసి ఒక గుండీ అంత. చేతులు వణికాయి నాకు. పదమూడేళ్ళు కాచుకుని, నా చేతులతో కూర్చిన వస్తువు. కాగితం తీసుకుని పరుగెత్తుకుంటూ నాయన దగ్గరికి వచ్చాను.

ఆయన దాన్ని ఒకసారి చూశాడు. "బాగుండాది. ఆ తొడుగులు యాడ?"

ఇక్కడి చట్టంలో ఖాళీ ఇత్తడి తొడుగు కూడా మందుగుండు కిందికే వస్తుంది. కాబట్టి అవీ ఆయన చేతికి ఇవ్వలేదు. నేనే ఒక్కొక్కటి వేళ్ళతో పట్టుకుని తిప్పుతుంటే, ఆయన జేబులోని భూతద్దం పెట్టి చూశాడు. ఏం చూడాలో అడిగి తెలుసుకున్నాడు. అడుగున ప్రైమర్ అంచులు గుండ్రంగా ఉండాలి, బల్లపరుపుగా నలిగిపోతే ఒత్తిడి ఎక్కువైనట్టు. అడుగుకు కొంచెం పైన మెరిసే గీత చుట్టూ కనిపిస్తే అక్కడ ఇత్తడి సాగి పలచబడుతోందని అర్థం. ఎనిమిది తొడుగులు. ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు. పక్క బెంచీల వాళ్ళు టార్గెట్లు మార్చుకుని కాల్చి, మళ్ళీ మార్చుకున్నారు. మేము ఇద్దరం ఎండలో తల మీద తల పెట్టుకుని ఇత్తడి చూస్తూ ఉండిపోయాం.

నేను గుండు ఎక్కడ తగిలిందో చూశాను. ఆయనకు కావలసింది వెనక్కి ఏమొచ్చిందో.

"గీత లేదు," అన్నాడు చివరికి. భూతద్దం మడిచాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక రైఫిల్ బెంచీ మీద పెట్టి బ్యారెల్ శుభ్రం చేస్తున్నాను. నాయన వచ్చి టైం అడిగాడు. తొమ్మిదిన్నర.

"అంటే ఆడ తెల్లారి ఏడు. మీ మామకు ఫోన్ కలుపు."

కలిపిచ్చాను. వానల గురించి అడిగాడు. చెనిక్కాయ ఎవరెవరు వేశారో, ఎవరు వేయలేదో అడిగాడు. పందుల గురించి కూడా అడిగాడు. ఇప్పుడు చేను చుట్టూ పాత చీరలు కడుతున్నామని మామ చెప్పడం నాకు వినిపించింది. తర్వాత నాయన ఫోన్ పట్టుకుని డ్రైవ్‌వే మీదికి నడిచాడు. తెరిచిన గరాజ్ తలుపులోంచి ఆయన వీపు కనిపిస్తోంది. మాటలు వినపడలేదు. ఒకచోట ఆగి, గాలిలో ఎడమ చేత్తో గొట్టం పట్టుకున్నట్టు పట్టి, దాని పొడుగునా ఒక వేలితో గీత గీశాడు. అవతలివాళ్ళకు కనిపించదని మరిచిపోయినట్టున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా వింటూ నిలబడ్డాడు.

లోపలికి వచ్చి ఫోన్ నా చేతికిచ్చాడు.

"ఏమన్నాడు?"

స్టూలు మీద కూర్చున్నాడు.

"వానికి తెలుసంట. పగిలిన ముక్క పొద్దున్నే పోయి వెతికి తెచ్చుకున్నాడంట, కట్టుగట్టిన చేత్తోనే. అతుకు మీదనే చీలిందంట. అటకమీద ఇప్పటికీ ఉండాదంట."

నేను చూస్తూ ఉన్నాను.

"అట్లయితే ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదురా అంటే, నువ్వు చెప్తావేమో అని చూసినా బావా అన్నాడు."

లోపల్నుంచి మా వాడి అడుగుల చప్పుడు వినిపించింది. నిద్రపోకుండా తాత కోసం వెతుకుతున్నాడు.

"దాన్ని లోపల పెట్టి తాళమెయ్యి," అన్నాడు నాయన లేస్తూ. "పిల్లోడొస్తాండాడు."